ముదరని శుక్లం

జాలరిపేటలో కంటి పరీక్షల కోర్సులో చేరిన మొదటి పిల్ల సూర్యకళ. 1997లో ఇంటర్ పాసైంది. ఊళ్ళోనే ఒక కంటాసుపత్రి వాళ్ళు రెండేళ్ళ ఆప్టోమెట్రీ డిప్లొమాకి పిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. తల్లి గంగాలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని కాలనీలన్నీ తిరిగేది. తండ్రి వీరన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. సీటు వచ్చిందని చెప్పినప్పుడు ఆయన అదేం చదువని అడగలేదు. కళ్ళకి సంబంధించిందంటే మంచిదే అన్నాడు.

మొదటి ఏడు చాలావరకు చీకటి గదిలోనే గడిచింది. రెటినోస్కోపు అనే చిన్న లైటు పట్టుకుని, ఎదుటి మనిషి కంటిపాపలో ఎర్రటి వెలుగు ఎటు కదులుతోందో చూడాలి. ఏ అద్దం అడ్డం పెడితే ఆ కదలిక ఆగుతుందో చెప్పాలి. మూడు నెలల దాకా ఆమెకి అది అంతు పట్టలేదు. ఇంగ్లీషు పాఠాలు బట్టీ పట్టి, బస్సులో కళ్ళు మూసుకుని అప్పజెప్పుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి ఆ వెలుగు ఆమె మాట విన్నట్టు ఆగింది. అప్పట్నుంచీ పేటలో ఎవరు కనిపించినా వాళ్ళ కళ్ళే చూసేది. ఆదివారం వచ్చిందంటే ముసలమ్మలు సూర్యకళ వాళ్ళ అరుగు మీద వరసగా కూర్చునేవారు. ఆమె వాళ్ళ కళ్ళలోకి టార్చిలైటు వేసి చూసి, ఎవరికి కళ్ళజోడు కావాలో, ఎవరు ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పేది.

అలా ఒక ఆదివారం వీరన్న కూడా వచ్చి కూర్చున్నాడు. చూపు మసగ్గా ఉందన్నాడు. కంటిపాప వెనక బూడిదరంగు పొర కనబడింది. తను చదివిన పాఠం కళ్ళెదుట కనబడేసరికి సూర్యకళకి పట్టరాని సంతోషమేసింది.

"శుక్లం పడతంది అయ్యా. ఇంకా ముదర్నేదు. ముదిరాక తీయించుకుందువుగాని."

తన కూతురు టార్చి వేసి జబ్బు పట్టేసిందని వీరన్న ఒడ్డు మీద అందరికీ చెప్పుకున్నాడు.

ఆ వేసవిలో ఉచిత కంటి శిబిరం బస్సు పేటలోకొచ్చింది. గంగాలమ్మ అప్పటికే గంపెత్తుకుని వెళ్ళిపోయింది. వీరన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. గుమ్మంలో సూర్యకళ ఆపింది. పచ్చి శుక్లం తియ్యరని, ఊరికే లైనులో నిలబెట్టి పంపేస్తారని చెప్పింది. ఆయన సరేనని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆయనతో వేటకెళ్ళే తాతబాబు ఒక్కడే బస్సెక్కాడు.

తర్వాత ఏడాదిలో వీరన్న తీరు మారింది. నడుస్తూ నడుస్తూ పక్కనున్న వాళ్ళని ఢీకొనేవాడు. ఒడ్డున కట్టిన తాళ్ళకి తట్టుకుని పడేవాడు. వేటలో చోటు గుర్తు పట్టడానికి ఒక్క చూపులో అటు యారాడ కొండనీ, ఇటు కైలాసగిరినీ కలిపి చూసుకునే మనిషి, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటున్నాడని తాతబాబు వచ్చి చెప్పాడు. పొద్దున్నే తాగుతున్నాడని పేటలో అనుకున్నారు. గంగాలమ్మ నిలదీసింది. సూర్యకళ కూడా నోరు వాసన చూసింది.

రెండో ఏడు చివర్లో అనూరాధ మేడం నీటికాసుల పాఠం చెప్పారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నరం మెల్లగా చచ్చిపోయే జబ్బు అది. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది కనబడుతూనే ఉంటుంది, చూపు పక్కలనుంచి తరిగిపోతుంది. శుక్లం ఉన్న కంట్లోనూ ఇది ఉండొచ్చని, అందుకే ఏ శుక్లాన్నీ ముదరనిద్దామని వదిలెయ్యకూడదని మేడం అన్నారు. సూర్యకళ రాయడం ఆపేసింది. మిగతా క్లాసు వినకుండా ఇంటికి వచ్చేసింది.

వీరన్న అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, ఆయన్ని ఒక కన్ను మూసుకుని తన ముక్కు మీదే చూపు నిలపమంది. చెయ్యి పక్కకి చాపి, వేళ్ళు ఆడిస్తూ మెల్లగా లోపలికి తెచ్చింది.

"కనపడగానే సెప్పు అయ్యా."

"ఇంకా తేనేదు గదమ్మా నువ్వు సెయ్యి."

ఆమె చెయ్యి అప్పటికి ఆయన చెంపకి జానెడు దూరంలో ఉంది.

మర్నాడు ఆసుపత్రిలో ఒత్తిడి చూశారు, నరం చూశారు. కుడి కన్ను పోయినట్టే. ఎడమ కంట్లో మధ్యన కాస్త మిగిలింది. పోయిన చూపు రాదని, ఏడాది ముందు తెచ్చుంటే చాలా నిలిచేదని డాక్టరు గారు అన్నారు. అది తన విద్యార్థిని చేసిన పనని ఆయనకి తెలియదు. బయట బల్ల మీద కూర్చున్నాక సూర్యకళ తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నానే ఆపేసినాను అయ్యా నిన్ను."

వీరన్న చుక్కల మందు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ అమ్మకి సెప్పకు," అన్నాడు.

ఇంటికెళ్ళాక ఆయనే గంగాలమ్మకి చెప్పాడు, పిల్ల ముందే ఆసుపత్రికి రమ్మందని, తనే బద్ధకించానని. ఒడ్డు మీద కూడా అదే చెప్పాడు. సూర్యకళ పక్కనే ఉండి విన్నది, నోరు మెదపలేదు. పరీక్షలు రాసింది, పాసైంది, అదే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. రోజుకి అరవై మంది కళ్ళు చూసేది, ఎవరికీ ఒత్తిడి కొలవకుండా వదిలేది కాదు. మందు వేస్తున్నా 2003 నాటికి వీరన్నకి ఎడమ కన్ను కూడా పోయింది. కన్నకూతురు మొత్తుకున్నా వినలేదని గంగాలమ్మ ఆయన్ని తిట్టని రోజు లేదు. అన్నం పెడుతూ తిట్టేది, చుక్కలు వేస్తూ తిట్టేది. ఆయన తలొంచుకుని వినేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ తిట్లు వినలేక, సూర్యకళ పెరట్లో తల్లిని ఆపి ఉన్నదంతా చెప్పేసింది. గంగాలమ్మ గంప కడుగుతోంది. చేతిలో పీచు అలాగే పట్టుకుని కూతురి మొహంలోకి చూసింది. ఆ రోజునుంచి కూతురితో మాట్లాడ్డం మానేసింది, మొగుణ్ణి తిట్టడం కూడా మానేసింది.

నాలుగు రోజులు చూసి వీరన్న భోజనం దగ్గర అడిగాడు.

"ఏటే, ఇల్లు సప్పుడు నేకుండా ఉంది? పిల్ల ఇంట్లో నేదా?"

సూర్యకళ ఆయనకి ఎదురుగానే కూర్చుని ఉంది. గంగాలమ్మ చేపలో ముళ్ళు తీసి ఆయన కంచంలో పెడుతూనే ఉంది.