ముహూర్తం దాటకముందే

నేను ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో వెబ్‌సైటు కట్టడం కంటే మొదలుపెట్టడమే పెద్ద పని. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద మా ఆఫీసు. ఓనరు గారిని వెనకాల ‘ముహూర్తం సార్’ అనుకునేవాళ్లం. పంచాంగం చూడనిదే ఏ ప్రాజెక్టూ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. కస్టమరు కొబ్బరికాయ కొట్టాలి, మేము కంప్యూటరుకు బొట్టు పెట్టాలి, ముహూర్తం దాటేలోగా తెర మీద ఏదో ఒకటి కనపడాలి. తీరా కనపడేది నల్ల తెర మీద చీమల బారులా అక్షరాలు (కావలసిన సరంజామా అంతా నెట్ నుంచి దిగాలి కదా!). ఒకసారి ఆ బారు చివర ఎర్రగా ఎర్రర్ వచ్చింది. అపశకునమని కాయ కొట్టిన రైస్‌మిల్లు ఆసామి అట్నుంచటే మెట్లు దిగిపోయాడు. "ఇంకొక్క కస్టమరు ఇట్టా పోతే కొత్తగా చేరినవాళ్లని మాన్పించెయ్యాల్సిందేనమ్మా" అన్నారు సార్, నా వంకే చూస్తూ. కొత్తగా చేరింది నేనొక్కదాన్నే.

దాంతో నాకు పౌరుషం వచ్చింది. లాగిన్, పేజీలు, డేటాబేసు, ఇలా ప్రతి సైటుకూ కావలసినవన్నీ ముందే అమర్చి, పేరూ రంగూ మారిస్తే చాలు, నెట్ లేకపోయినా నడిచేలా ఒక స్టార్టర్ టెంప్లేట్ తయారుచేసి నా లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. నేను అన్నయ్యా అని పిలిచే మా ఆఫీసు సీనియర్ పెదవి విరిచాడు. "ఎవరి చొక్కా వాళ్ల కొలతకే కుట్టాలమ్మా. ఈ రెడీమేడ్ బేరం మనకొద్దు." "మా అమ్మ గుణదలలో జాకెట్లు కుడుతుందన్నయ్యా. మనిషి మనిషికీ కొలత మారుస్తుంది గానీ కాగితం అచ్చు ఒక్కటే" అన్నాను.

అంతలో హనుమాన్ జంక్షన్ నుంచి లారీల ఆసామి ఒకాయన భార్యతో సహా వచ్చాడు. బొట్టు పెట్టడం అయింది, కాయ కొట్టడం అయింది, సరిగ్గా అప్పుడే నెట్ పోయింది (కింద కాలువ పూడిక తీస్తూ కేబుల్ తెంపేశారట). "ముహూర్తం దాటిపోతోందయ్యా!" అని సార్ కేకలేస్తుంటే అన్నయ్య రూటర్‌ను బతిమాలుతున్నాడు. నేను మేరీమాతను తలుచుకుని (పంచాంగం సార్‌ది, ప్రార్థన నాది) నా లాప్‌టాప్ ముందుకు జరిపి, టెంప్లేట్‌లో ఆసామి కంపెనీ పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. నీలం రంగు పేజీ నిండుగా విచ్చుకుంది. పైన ఆయన పేరు, కింద లాగిన్. ఆయన ఒక్కో అంకే వెతుక్కుంటూ ఫోన్ నంబరు కొట్టి, "లోపలికి రానిచ్చిందండోయ్!" అని అరిచాడు. నాకు గాల్లో తేలినట్టయింది. అప్పుడు ఆయన భార్య అడిగారు: "లారీ ఉండాల్సిన చోట ఆ ఎడ్లబండేంటండీ?" నమూనాకని మా ఇంట్లోని కొండపల్లి ఎడ్లబండి బొమ్మ ఫోటో పెట్టి, మార్చడం మరిచాను. ఆసామి తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "మా నాన్న మొదలెట్టింది ఎడ్లబండితోనేనమ్మా. నీకెవరు చెప్పారు? తియ్యమాక, అట్టానే ఉంచు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అన్నీ కనుక్కునే చేస్తామండీ మేము" అన్నారు సార్ ఏమాత్రం తొణక్కుండా.

ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తరవాత ఏ ముహూర్తమైనా "గుణదల అమ్మాయిని పిలవండి" అనేవారు సార్. పురోహితుడికి కూడా అంత గిరాకీ ఉండదు. అన్నయ్య "ఆ అచ్చు నాకూ ఒక కాపీ ఇవ్వమ్మా" అంటే, కావాలనే కాస్త బతిమాలించుకుని ఇచ్చాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఏఐని ఒక్క మాట అడిగితే, అంతకంటే మంచి టెంప్లేట్ రెప్పపాటులో వచ్చేస్తుంది. బాగుందని మెచ్చుకుంటాను. కానీ ఒక లాగిన్ తెరుచుకున్నందుకే ప్రపంచాన్ని గెలిచినంత సంబరపడి, ఆ మేడ మెట్లన్నీ గెంతుతూ దిగిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లంటే కాస్త అసూయ కూడా కలుగుతుంది.