మిక్సరు పుట్టినూరు అడిగింది

ఆ బేకరీలో పిండి కలిపే గదికి ఇరవై రెండేళ్లుగా ఆవిడే పెద్ద. చిటికెడు ఉప్పయినా త్రాసు మీద పెట్టందే పిండిలో పడనివ్వదు కాబట్టి అందరూ ఆవిణ్ణి తూకమక్క అంటారు. యజమాని కూడా అదే పిలుపు.

పాత మిక్సరు మూలపడ్డాక యజమాని జపాను నుంచి దిగిన సెకండ్ హ్యాండ్ మిక్సరొకటి కొన్నాడు. బేరం కుదిర్చింది ఆయన బావమరిది. యంత్రాలు తనకు కొట్టినపిండి అని చెప్పుకుంటాడాయన. కలిపిన పిండి జోలికి మాత్రం ఏనాడూ వెళ్లలేదు. బిగించడానికి వచ్చిన ఫిట్టరు మూడు మీటల మీద కాగితపు చీటీలు అంటించి, మిగతావాటితో పనిలేదని చెప్పి వెళ్లిపోయాడు. ప్యానెల్ నిండా జపాను రాతలే.

బావమరిది ఫోను తీసి ఆ రాతల మీద పట్టాడు. ఒక వరుసకు ఫోను చెప్పిన అర్థం ‘జన్మస్థలం ఉష్ణోగ్రత’. గదంతా నవ్వులే నవ్వులు. పాపం మిక్సరుకు పుట్టినూరి మీద బెంగ పట్టుకుందన్నాడు ఓవెన్ దగ్గర పనిచేసే ఆయన. తూకమక్క కూడా కడుపుబ్బా నవ్వింది. కానీ సాయంత్రం బస్సులో వెళ్తుంటే ఆ వరుస పక్కనున్న అంకె మనసులో మెదిలింది. పిండి కలుపుతున్నంతసేపూ అది ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు అంటూ పెరిగింది. ఇక్కడ పిండి కలిపితే ఎక్కడో పుట్టినూరు వేడెక్కుతుందా?

ఇంట్లో ఆ మాటే చెబితే భర్త తేలిగ్గా తీసిపారేశాడు. ఇన్నేళ్ల అనుభవం ఉండగా ఆ పిచ్చిగీతలతో పనేమిటన్నాడు.

“నా గదిలో ఉన్నదేదో నాకే తెలియకపోతే ఎలా?” అంది తూకమక్క.

మర్నాడు మైదా సంచి కాగితం చింపి, దాని మీద ఆ వరుసలోని మొదటి రెండక్షరాలూ చూసి గీసుకుంది: 生地. బేకరీ ఎదురుగా మేడమీద జపాను భాష నేర్పే టీచరమ్మ ఒకామె ఉంది. పాతికేళ్ల పిల్ల. రోజూ నాలుగింటికి బన్ను కోసం వస్తుంది. ఆ రోజు బన్నుతో పాటు కాగితం కూడా ఆమె చేతిలో పెట్టింది తూకమక్క.

టీచరమ్మ చూస్తూనే నవ్వేసింది. “దీన్ని ‘కిజి’ అని చదవాలండీ. అంటే పిండిముద్ద. ఇవే రెండక్షరాల్ని ‘సెయ్‌చి’ అని చదివితే పుట్టినచోటు అవుతుంది. మీ ఫోను పప్పులో కాలేసింది.”

అంటే ఆ అంకె పిండి వేడి. ఇన్నాళ్లూ వేలుపెట్టి చూసి అంచనా కట్టినదాన్ని మిక్సరు తనంతట తానే చెబుతోందన్నమాట. తూకమక్కకు ప్రాణం లేచొచ్చింది. రాత ఒకటే అయినప్పుడు చదవడం రెండు రకాలెందుకని అడిగింది. మొదటి అక్షరం 生 తోనే అసలు చిక్కంతా అనీ, దానికి పదికి పైగా ఉచ్చారణలున్నాయనీ, తన విద్యార్థులకు అది కొరకరాని కొయ్య అనీ చెప్పింది టీచరమ్మ. తూకమక్క అక్కడికక్కడే క్లాసులో చేరతానంది.

వారానికి రెండు రోజులు, సాయంత్రం అయిదింటికి క్లాసు. మొదటి రోజు గుమ్మంలో ఆవిణ్ణి చూసి కుర్రకారంతా బన్నులొచ్చాయనుకున్నారు. ఆవిడ తాపీగా వెళ్లి ముందు బల్ల మీద కూర్చుంది.

టీచరమ్మ బోర్డు మీద 生 రాసింది. ఎడమకు వాలిన చిన్న గీత, ఒక అడ్డగీత, పైనుంచి కిందికి నిలువుగీత, మళ్లీ రెండు అడ్డగీతలు. నేలలోంచి మొలక లేస్తున్న బొమ్మే ఈ అక్షరమైందని చెప్పింది. అందుకే పుట్టడం, బతకడం, మొలవడం, పచ్చిగా ఉండడం అన్నీ ఇందులోనే ఉన్నాయట. ‘ఉమరేరు’ అంటే పుట్టడం. ‘ఇకిరు’ అంటే బతకడం. ఒంటరిగా నిలబడితే ‘నామా’, అంటే పచ్చిది. ‘గకుసెయ్’ అంటే విద్యార్థి. అందులో అది ‘సెయ్’. పుట్టినరోజును ‘తంజోబి’ అంటారు. అందులో అదే ‘జో’. వెనక బల్లల వాళ్లు తలలు పట్టుకున్నారు.

తూకమక్క లేచి నిలబడింది. “ఇందులో తిప్పలేముంది టీచర్ గారూ? ఇంట్లో నేను అమ్మని. పనిలో అక్కని. మా ఆడపడుచుకి వదినని, మా చెల్లెలి పిల్లలకి పెద్దమ్మని. మనిషిని ఒక్కదాన్నే కదా. పక్కన ఎవరున్నారో చూస్తే ఏమని పిలవాలో తెలిసిపోతుంది.”

టీచరమ్మ ఆ మాటనే బోర్డు మీద రాసింది: పక్కన ఎవరున్నారు? ఆ పూటంతా పాఠం దాని మీదే నడిచింది. ‘ముందు’ అనే అక్షరం 先 పక్కన చేరితే ‘సెన్సెయ్’, ముందు పుట్టినవాడు, అంటే గురువు. అయితే ఈ క్లాసుకు సెన్సెయ్ మీరేనన్నాడొక కుర్రాడు. పుట్టడం వరకే తాను ముందనీ, చదువులో అందరికంటే వెనకనీ తూకమక్క జవాబిచ్చింది.

అది ఉత్త వినయం కాదు. మొదటి పరీక్షలో ఆవిడకు ఇరవైకి తొమ్మిదే వచ్చాయి. పుట్టినరోజును ‘పచ్చిరోజు’ చేసింది. అయినా జంకలేదు. పిండి పొంగే వేళ బల్ల మీద మైదా జల్లి, వేలితో గీసి, తుడిచి, మళ్లీ గీసేది.

మూడో నెలలో ఒకరోజు, పొద్దున్న పదకొండింటికి, మిక్సరు ఉన్నపళంగా ఆగిపోయింది. ప్యానెల్ మీద ఎర్రగా నాలుగక్షరాలు: 異常発生. బావమరిది వచ్చి చెవి ఆనించి విని, మోటారు కాలిందనీ, విప్పితే మూడు రోజుల పని అనీ తేల్చేశాడు. యజమాని ముఖం మాడిపోయింది. మధ్యాహ్నం బడికి ఆరువందల బన్నులు వెళ్లాలి.

“కాస్త ఆగండి,” అంది తూకమక్క. మొదటి రెండక్షరాలూ ఆవిడకు తెలియవు. చివరి రెండూ తెలుసు. ‘హస్సెయ్’, అంటే ఏదో తలెత్తింది. “ఏదో తేడా వచ్చిందని చెబుతోంది. ఏం తేడానో కింద రాసే ఉంది. కిజి, పిండి. ముప్ఫై ఒకటి చూపిస్తోంది. ఇంత వేడెక్కకూడదు.”

ఓవెన్ దగ్గరున్న థర్మామీటరు తెచ్చి పిండిలో గుచ్చింది. సరిగ్గా ముప్ఫై ఒకటి. మిక్సరు గిన్నె చుట్టూ చన్నీళ్లు తిప్పే గొట్టాన్ని పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. గొట్టం మొదట్లో ఉన్న జల్లెడ విప్పించింది. తుప్పు పొరలు గడ్డకట్టి నీళ్లకు అడ్డం పడ్డాయి. కడిగి బిగించారు. ఇరవై నిమిషాల్లో ఎర్ర అక్షరాలు పోయాయి. వేడెక్కిన పిండి పొంగిపోకముందే ముద్దలు చేయించి ముందుగా ఓవెన్‌కు పంపింది. బడి బన్నులు వేళకే వెళ్లాయి.

సాయంత్రం బావమరిదే వచ్చి, గొంతు తగ్గించి, “అక్కా, ఆ అక్షరమేదో నాకూ రాసివ్వవూ,” అని అడిగాడు. రాసివ్వలేదు. బల్ల మీద మైదా జల్లి, అయిదు గీతలూ వరస తప్పకుండా ఆయన చేతే గీయించింది.

ఏడాది తిరిగాక యజమాని పిండి ముద్దలు కోసే యంత్రం కొనాలనుకున్నాడు. ఈసారి గోదాముకు తూకమక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు. అమ్మేవాడు ఒక యంత్రాన్ని ఆకాశానికెత్తుతుంటే ఆవిడ దాని వెనక్కి వెళ్లింది. అక్కడ చిన్న చీటీ అంటించి ఉంది: 生産終了. నాలుగూ చదివింది.

“దీని తయారీ ఆపేశారని రాసుంది కదయ్యా. ఏ పన్నో ఊడితే ఎక్కడ వెతకాలి?”

అమ్మేవాడు పక్క వరుసలోని కొత్తరకం చూపించాడు. ఆవిడ దాన్ని ముందూ వెనకా చదివి తలూపాకే యజమాని బేరం మొదలుపెట్టాడు.

ఆ చలికాలం తూకమక్క భాషాపరీక్షలో మొదటి మెట్టు దాటింది. రెండో మెట్టు పుస్తకం ఇంటికి తెచ్చుకుంటే భర్త దాని మందం చూసి, ఈ చదువు ఇంకెన్నాళ్లని అడిగాడు.

“ఇస్షో,” అంది పుస్తకం తెరుస్తూ.

“అంటే?”

“బతికినన్నాళ్లు. అందులోనూ ఇదే అక్షరం. ఇలా రండి, చూపిస్తాను.”

ఆయన కళ్లజోడు వెతుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.