సమాప్తం తర్వాతి పేజీ

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరి కవితలోనైనా ‘ఆత్మ’ అన్న మాట కనిపిస్తే పెన్సిలుతో గీత గీసే రకాన్ని. అందుకే ఇది రాయడం నాకే చిన్నతనంగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది జనగామ. కవిత్వం రాస్తాను. దానితో ఇల్లు గడవదు కనుక పత్రికలకు పుస్తక సమీక్షలు, అడిగినవాళ్లకు ముందుమాటలు రాస్తుంటాను. ముందుమాట లేని కవితల పుస్తకాన్ని మావాళ్లు తలుపు లేని ఇల్లులా చూస్తారు. ఆ ముందుమాటలు రాసేవాళ్లలో పుస్తకం మొత్తం చదివేది ఎందరో నన్ను అడక్కండి.

నెల్లికుదురులో ఉండే అంకూస్ సార్ రిటైరైన తెలుగు టీచరు. ఏళ్ల తరబడి ఒకే నోటుబుక్కులో రాసుకున్న కవితలను డెబ్బై దాటాక పుస్తకంగా వేద్దామనుకున్నారు. జిరాక్సు ప్రతి నా చేతిలో పెట్టి ఒక్కటే అడిగారు.

“తొందరేం లేదు బిడ్డా. మెచ్చుకోకున్నా మంచిదే. ఒక్కసారి మొత్తం సదువు. ఇప్పటిదాంక ఎవ్వరు సదవలే.”

పది పేజీలు చదివి షెల్ఫులో పడేశాను. ఆరు నెలలు గడిచాయి. సార్ రెండుసార్లు ఫోన్ చేశారు. ముందుమాట ఊసెత్తకుండా నా ఆరోగ్యం అడిగి పెట్టేశారు.

ఒకరోజు భూపాలపల్లిలో కాలేజీ సభకు వెళ్లినప్పుడు ఆయన కూతురు షమీమ్ ఫోన్ చేసింది. “అబ్బాను దవాఖానల చేర్పిచ్చినం అన్నా. పుస్తకం కండ్ల జూస్తనంటున్నడు. మీ ముందుమాట కోసమే ఆగింది.”

జిరాక్సు జనగామలో ఉంది. భోజనాలయ్యాక ఖాళీ క్లాసురూములో కూర్చుని ఫోనులోనే రాశాను. పది పేజీల జ్ఞాపకాన్ని మూడు పేజీలకు సాగదీశాను. మొత్తం చదివానని నమ్మించాలంటే చివరి కవిత నుంచి పంక్తులు చూపించాలి. అది మాకందరికీ తెలిసిన కిటుకే. సార్ భార్య పోయిన సంగతి తెలుసు కాబట్టి రెండు పంక్తులు నేనే అల్లాను.

‘గడప బయట రెండు జతల చెప్పులు
ఒక్క జతకే దుమ్ము పట్టింది’

ఇలా ముగించిన కవి గుండె ఎంత బరువెక్కిందో అని రాసి పంపేశాను. అంకూస్ సార్ మర్నాడు పొద్దున పోయారు. ముందుమాట ఆయన చూడలేదు. అప్పటికే తెలివిలో లేరట.

సిగ్గుతో జిరాక్సు తీసి మొదటిసారి మొత్తం చదివాను. ఎంత మంచి కవితలో. ఏడుపొచ్చింది. చివర ‘సమాప్తం’ అని రాసి సంతకం చేశారు. చెప్పుల కవిత ఎక్కడా లేదు. ఆయన ఒకే ఒక్క పుస్తకం నా అబద్ధంతో మొదలవబోతోంది.

నలభయ్యో రోజున నెల్లికుదురు వెళ్లాను, అంతా ఒప్పుకుని ముందుమాట మార్చి ఇద్దామని. నేను నోరు తెరవకముందే షమీమ్ ఆ నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది.

“మీరు ముందుమాటల రాసిన చెప్పుల కవిత టైపు కాయితాలల్ల లేకుండె అన్నా. మానుకోటల డీటీపీ ఆయన దగ్గరి నుంచి అసలు బుక్కు తెప్పిచ్చిన. సమాప్తం తర్వాత పేజీల ఉన్నది. గందుకే ఆయన టైపు జెయ్యలేదంట.”

సార్ చేతిరాతే. నా రెండు పంక్తులూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. వాటి కింద ఇంకో రెండు.

‘వాకిట్ల నిలబడ్డోడా, లోపలికి రా
సదువనీకి ఇంకా పొద్దున్నది’

చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను.

మానుకోట వెళ్లి ఆ డీటీపీ ఆయనను అడిగాను. నోటుబుక్కు తన దగ్గరికి వచ్చినప్పుడే ఆ పేజీ ఉందన్నాడు. అది నేను ముందుమాట రాయడానికి నెల ముందు. సార్ ఫోనులో ఎప్పుడైనా ఆ కవిత చదివారా అని ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కవితలు వినిపించే అలవాటే ఆయనకు లేదు.

పుస్తకం వచ్చింది. ముందుమాట అలాగే ఉంది. ఆవిష్కరణ రోజు షమీమ్ మైకు ముందు నన్ను చూపించి అంది. “మా అబ్బా రాసింది ఆఖరి అక్షరందాంక సదివింది ఈ అన్న ఒక్కడే.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను.

ఆ పంక్తులు నాలోకి ఎలా వచ్చాయో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. నేను చదవలేదని తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన అప్పటికే నన్ను లోపలికి రమ్మని రాసి పెట్టారు.