ఆదుర్రు దిబ్బ మీద ఇటుక ముక్క

బస్సు ఖర్చు కలిసొస్తుందని ఇవాళ మా ఆవిడను ఇంట్లో వదిలేసి, ఒక్కణ్నే పంటు ఎక్కి గోదావరి దాటి అంతర్వేది వెళ్లాను. సముద్రం ఒడ్డున గవ్వలు ఏరుకున్నాను. తిరుగుదారిలో ఆదుర్రులో పాతకాలపు బౌద్ధస్తూపం చూసి, అక్కడి ఇటుక ముక్క ఒకటి సంచిలో వేసుకున్నాను. గేదెను మేపుకుంటున్న ముసలావిడ చూసేసింది.

"అదక్కడెట్టేయండి బాబూ."

"మా ఆవిడకు చూపిద్దామనమ్మా. గవ్వలూ తెచ్చానుగా, వాటికి లేని తప్పు దీనికేమిటి?"

"గవ్వలైతే సముద్రం మళ్లీ తెస్తాదండి. ఈ ఇటుకలెవరు తెస్తారండి? అమ్మగారికి చూపించాలంటే అమ్మగారినే తీసుకురండి."

"ఆయ్" అని, తీసినచోటే పెట్టి దణ్ణం పెట్టాను.

వచ్చే ఆదివారం రెండు టిక్కెట్లు తప్పవు. మీ ఇళ్లలోనూ అలాంటి ముక్కలుంటే తెచ్చి అక్కడే పెట్టేయండి. ఆ ముసలావిడ పేర్లడగదు.