ల్యాబ్ బాబాయి, నా సీ-త్రీ, పడవలు

మా నరసాపురం ల్యాబ్ బాబాయి పోయారు. మొన్న పొద్దున్న నేను కాఫీ కలుపుతుంటే ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని చెబితే నవ్వుతారు. ఏం చేయాలో అడుగుదామని బాబాయి నంబరే వెతికాను. పద్నాలుగేళ్లుగా ఏ కంగారు వచ్చినా వేలు ఆ నంబరు మీదికే పోవడం అలవాటైపోయింది.

ఆయన నాకు బంధువు కాదు. చేపల మార్కెట్ పక్క సందులో రక్తపరీక్షల ల్యాబ్ ఆయనది. తాతతండ్రులు చేపల వేటకు వెళ్లిన ఇంట్లో మొదట చదువుకున్నది ఆయనే. ఊళ్లో అందరికీ బాబాయే. సూది గుచ్చే ముందు "ఏం కూర వండారమ్మా ఇవాళ?" అని అడిగేవారు. మనం ఆలోచించుకునేలోపు పని అయిపోయేది. పరగడుపున రమ్మన్నవాళ్లనీ అదే అడిగి వాళ్ల ఆకలి పెంచేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లేసరికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా ఇంట్లో ఆడవాళ్లందరం లేసు అల్లేవాళ్లం. ఒక వానాకాలం నా వేళ్ల కణుపులు వాచిపోయి సూది పట్టుకోలేకపోయాను. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. రాజమండ్రిలో డాక్టరు గారు చూసి లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు అది. దాన్ని అణచడానికి మాత్రలు రాసి, మధ్యమధ్య సీ-త్రీ, సీ-ఫోర్ అనే పరీక్షలు చేయించుకోమన్నారు. అవి కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు. రక్తంలో తిరుగుతూ, క్రిమి కనపడితే దానికి అంటుకుని మిగతా కణాలను కేకేసి పిలుస్తాయి.

ఆ పరీక్ష మా ఊళ్లో లేదు. రాజమండ్రి పంపాలి, దారిలో వేడి తగలకూడదు. బాబాయి చేపల మార్కెట్ ఐసు దంచి, పెట్టెలో పొరలుగా పరిచి, పండుగప్ప చేపను సర్దినంత ముద్దుగా నా నెత్తురు గొట్టాన్ని మధ్యలో పెట్టేవారు. "చేపని చెడకుండా సంతకి చేర్చిన వంశం మాది. నీ నెత్తురు చేర్చలేనా ఏంటి?" అనేవారు.

ఇక మా ఇంటిల్లిపాదీ కలిసి చేసిన తెలివైన పని చెప్పాలి. మాత్రలకు నా మొహం గారెలా ఉబ్బింది. వీధిలో కనపడిన ప్రతివాళ్లూ "ఒళ్లు చేశావే" అనడమే. అలాంటి సమయంలో సీ-త్రీ, సీ-ఫోర్ రెండూ బాగా తక్కువని రిపోర్టు వచ్చింది. నాన్న కళ్లజోడు సవరించుకుని, "రక్షణకి ఉన్నవే తక్కువంట. ఇంకా అణిచే మాత్రలెందుకే?" అన్నారు. బీఎస్సీ చదివిన నేను ఎంతో సంతోషంగా తలూపాను. నాకు కావలసింది నా పాత మొహం. మాత్రలు మానేశాను. అమ్మ బలానికని బొమ్మిడాయిల పులుసు, మునగాకు మొదలుపెట్టింది. మూడు వారాలకు పాదాలు ఉబ్బాయి. బలం పట్టిందనుకున్నాం.

మళ్లీ పరీక్షకు అమ్మా నేనూ వెళ్లాం. బాబాయి నా పాదాలు చూసి, "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగారు. నాన్న లాజిక్కు గర్వంగా వినిపించాను. ఆయన తిట్టలేదు. పొద్దుటి పూట ఎన్నడూ మూయని ల్యాబ్ షట్టరు కిందికి లాగి, మమ్మల్ని గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లారు.

"పడవలెన్నున్నాయమ్మాయ్?"

"ఒకటో రెండో ఉన్నాయి బాబాయ్."

"అంటే మావాళ్లకి పడవలు తక్కువంటావా?"

"కాదు, వేటకెళ్లుంటాయి."

"నీ సీ-త్రీ కూడా అంతే. అది తక్కువై రక్తంలో కనపడకపోవడం కాదమ్మా, వేటకెళ్లి కనపడట్లేదు. ఆ వేట నీ ఒంటి మీదే. కాళ్లు చూస్తే కిడ్నీల దాకా వెళ్లినట్టుంది."

అమ్మ బిత్తరపోయింది. "మరి నేను పెట్టిన పులుసంతా?"

"పెట్టండి వదినగారూ, మాత్రలతో పాటు పెట్టండి. మందుల సంగతి చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. నడవండి, బస్సుంది."

ఆయనా మాతో బస్సెక్కారు. డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి, కిడ్నీలు వాచాయని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే చేయగలిగింది తక్కువని అన్నారు. తిరుగు ప్రయాణంలో నేను ఏడుస్తుంటే బాబాయి ఓదార్చలేదు. "ఏం కూర వండుతావు రేపు?" అన్నారు. చచ్చేంత భయంలో కూడా ఆలోచించి, వంకాయ అని చెప్పాను.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఏడాదికి పైగా నెలనెలా ఐసు పెట్టె వెళ్లింది. ఒకరోజు మధ్యాహ్నం మా వీధి మొదట్లోంచే కేక వినపడింది. "పడవలొచ్చేశాయమ్మాయ్! పడవలన్నీ వచ్చేశాయ్!" రిపోర్టు గాలిలో ఊపుతూ మోపెడ్ మీద వస్తున్నారు. చేపలొచ్చాయనుకుని ఎదురింటి పిన్నిగారు గిన్నె పట్టుకుని రేవుకు పరుగెత్తారు. అమ్మ వీధిలోనే ఆయనకు దణ్ణం పెట్టేసింది. నాన్న రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా ఆనందం ఎంతంటే, ఆ ఉబ్బిన మొహంతోనే ఫొటో దిగాను.

నా వేళ్లు మళ్లీ వంగాక అల్లిన మొదటి లేసు ఆయన మైక్రోస్కోపుకు ముసుగు. వచ్చినవాళ్లందరికీ చూపించి, "గెలిచిన చెయ్యి అల్లిందండి ఇది" అనేవారు. నా రిపోర్టులకు నార్మల్ అన్న మాట ఆయన ఎప్పుడూ వాడలేదు. "ఒడ్డునే ఉన్నాయి" అనేవారు. ఆ మాట విని ధైర్యం తెచ్చుకునే, డాక్టరు గారు సరేనన్నాక, బిడ్డను కన్నాను. అది ఇప్పుడు మూడో తరగతి. నా కిడ్నీలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. లూపస్ వదిలి వెళ్లలేదు, నేనూ మాత్రలు వదలలేదు. అయినా గెలుపు నాదే, అందులో సగం ఆయనది.

మొన్న పాపను తీసుకుని వెళ్లాను. ల్యాబ్‌లో మైక్రోస్కోపు మీద ముసుగు అలాగే ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికారో, అంచు మెత్తబడింది. పాడె లేచాక, ఆడవాళ్లు రేవు దాకా రారని ఎవరో అన్నారు. రిపోర్టులతో ఆయన వెనక తిరిగినంతకాలం ఎవరూ అడ్డురాలేదు, ఇప్పుడెందుకు ఆగుతానని వెనకాలే నడిచాను.

తమవాళ్లెవరైనా పోతే ఆ రోజు అక్కడి జాలర్లు వేటకు వెళ్లరు. సందు మలుపు తిరగగానే, ఏళ్ల అలవాటుకొద్దీ నా కళ్లు ముందు నీటివైపే వెళ్లాయి. పాప నా చెయ్యి లాగి, "అమ్మా, ఎన్ని పడవలో!" అంది. రేవు నుంచి గోదావరి వంపు దాకా, పక్కపక్కనే, వలలు మడిచి పెట్టుకుని, ఒక్కటీ తగ్గకుండా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి.