పక్కదాన్ని వదలని వరస

"మీటరు గిర్రున తిరుగుతుంది, ఆ డబ్బా కట్టెయ్యమంటే వినపడదా?"

"కట్టెయ్యను నాయనమ్మా. రేపు పొద్దున్నే ఆఖరి మ్యాచ్. ఓడిపోతే నా టీము కింద లీగుకి పడిపోద్ది."

"పడనీ. బంతి తన్నేది నువ్వా? కుర్చీలో కూర్చుని ఎవరి చేతో తన్నించడం కూడా ఒక ఆటేనా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే. చిన్న నాయనమ్మయితే పక్కన కూర్చుని చూస్తది, ఎందుకోడావే అని అడుగుద్ది. నువ్వు మీటరొక్కటే చూస్తావు."

"అయితే ఆవిడింటికే పో. ఆవిడ ప్లగ్గులోనే పెట్టుకో!"

ఆ మాట నోరు జారి అన్నానే గాని, రాయచూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటూ సెలవులకి మా జవళగేర వచ్చిన నా మనవరాలు నిజంగానే లేచి కంప్యూటరు వైరు చుట్టడం మొదలుపెట్టేసరికి నా గుండెల్లో మంట లేచింది. చిన్న నాయనమ్మ అంటే నా తోడికోడలు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడ, ఆ గోడకి ఒక తలుపు. నలభై ఏళ్ళుగా మా ఇంటి పిల్లలు నా దగ్గర అన్నం తిని, ఆ తలుపు దాటి వెళ్ళి దాని దగ్గర కబుర్లు చెప్పుకుంటారు. ఈ పిల్ల కూడా అక్కడికే పోవడం చూడలేక, "ఆగు, ఏంటో నాకూ చూపించు" అన్నాను. ఆట మీద ప్రేమతో కాదు, ఓర్వలేకే అన్నాను. నా ఈడు వాళ్ళకి ఈ సంగతి దాచి చెప్పక్కర్లేదు.

చూస్తే అది ఫుట్‌బాల్ జట్టుని నడిపించే ఆట. ఎవరెక్కడ నిలబడాలో, ఎటు పరుగెత్తాలో ముందే చెప్పి పెట్టాలి. ఆట మొదలయ్యాక బంతి వాళ్ళే ఆడుకుంటారు, మనం గట్టు మీది ఆసామిలాగా చూస్తూ కూర్చోవాలి. హాస్టల్ స్నేహితురాళ్ళందరూ తలా ఒక జట్టు పెట్టుకుని పోటీ పడుతున్నారట. మూడేళ్ళ నుంచి మా పిల్ల పెంచుకున్న జట్టు వరసగా అయిదు ఓడింది. రేపు సమంగా ఆడినా చాలు నిలబడుతుంది, ఓడితే మాత్రం కిందికి దిగిపోతుంది. ఆ మాట చెబుతూ పిల్ల చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. అంతవరకూ నేను దాని మొహం సరిగ్గా చూడనే లేదు.

ఆఖరుగా ఓడిన మ్యాచ్ తిరిగి వేసి చూపించింది. తెర మీద పదకొండు ఎర్ర చుక్కలు. ఒక్కొక్క చుక్క పక్కనా మేకకి దిష్టితాళ్ళు కట్టినట్టు ఎన్నో బాణాలు, ఎన్నో ఆజ్ఞలు. ఇంటర్నెట్టులో ఎక్కడెక్కడో ఎవరెవరో చెప్పిన ఉపాయాలన్నీ ఏరుకొచ్చి పెట్టిందట. చివరనున్నవాడు ముందుకి పోవాలి, వాడి చోటుకి మధ్యవాడు రావాలి, మధ్యవాడి చోటుకి ఇంకొకడు జరగాలి, వెనకవాడు బంతి అందించి తనూ పైకి పోవాలి. చుక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్నాయి. నట్టనడుమ మాత్రం నున్నగా ఖాళీ. అవతలి జట్టువాడు ఆ ఖాళీలోంచి నడుచుకుంటూ వచ్చి గోల్ కొట్టిపోయాడు.

ఆ ఖాళీ నాకు తెలుసు. దాన్ని నేనే ఒకసారి చేశాను.

మా మామగారు కృష్ణా జిల్లాలో ఉన్నది అమ్ముకుని తుంగభద్ర కాలవ కింద ఈ నేల కొన్న కొత్తలు అవి. రేగడి అంతా చదును చేసి మళ్ళు కట్టి, కోడళ్ళం మా ఇద్దరికీ ఊడ్పులు చూసే పని అప్పగించారు. పై మడి నాది, కింది మడి నా తోడికోడలిది. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని, అది బడి మొహమే చూడలేదు కనుక తెలివి నాదేనని నా నమ్మకం. మా అత్తగారు చెప్పిందీ, పొరుగు రైతు చెప్పిందీ, రేడియోలో రైతుల కార్యక్రమంలో విన్నదీ అంతా కలిపి, అరకేర వైపు నుంచి వచ్చిన ఆడ ముఠాలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క పని విడివిడిగా పురమాయించాను. పొట్టివాళ్ళు గట్టు పక్కన, పొడుగువాళ్ళు లోతున. చురుకైనది తన వరస ముగించి అటు చివరికి పోవాలి, దాని చోటుకి పక్కామె జరగాలి. నారు కట్టలు విసిరే ఆమె మధ్యమధ్య నాటుతూ కూడా ఉండాలి. నాకు కన్నడం రాదు, అన్నీ చేతులతో చూపించి చెప్పాను. మధ్యాహ్నానికి ఎవరి చోటు ఎవరిదో వాళ్ళకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. మడి నడుమ కళ్ళమంత మేర నాటు పడలేదు. అందులో కొంగలు దిగాయి.

కాలవ నీళ్ళ వంతు మర్నాటితో అయిపోతుంది. తన మడి ముగించుకున్న నా తోడికోడలు చీర కుచ్చెళ్ళు దోపుకుని గట్టెక్కి వచ్చి, నన్నొక మాట అడగకుండా ముఠాతో కన్నడంలో ఒక్కటే చెప్పింది. "బాజూదాకిన్న బిట్టు హోగబ్యాడ్రి." పక్కనున్నదాన్ని వదిలిపోవద్దని. అంతే. అందరూ ఒకే వరసలో నిలబడి, వెనక్కి నడుస్తూ, ఎవరైనా ఆలస్యమైతే ఇరుపక్కల వాళ్ళూ ఆమె వంతులో రెండేసి కుదుళ్ళు పెట్టి కలుపుకుపోతూ, పొద్దు వాలకముందే మడి పచ్చగా చేసేశారు. మామగారు గట్టు మీద నిలబడి, "చిన్నకోడలు మనుషుల కోసం నాటించింది, పెద్దకోడలు కొంగల కోసం వదిలింది" అని నవ్వారు. ఆ నవ్వు ఊరంతా నవ్వింది. తర్వాత ప్రతి ఏడూ నేనూ ఆ పద్ధతే పట్టాను. కానీ ఎవరడిగినా, దాని మడిది మెత్తటి నేల కాబట్టి తొందరగా అయిందనే చెప్పుకుంటూ వచ్చాను.

ఇప్పుడు తెర మీద ఆ కొంగల మడి చూస్తూ కూర్చున్నాను. చెబితే నా తోడికోడలి మాటే చెప్పాలి. చెప్పకపోతే పిల్ల ఓడిపోతుంది.

"వీడు ముందుకి పోతే ఇక్కడెవరుంటారే?" అని అడిగాను. చెప్పింది. "మరి వాడి చోట?" చెప్పింది. నాలుగోసారి అడిగేసరికి పిల్ల వేలు తెర నడుమ ఖాళీ దగ్గరికొచ్చి ఆగింది. అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్క ఆజ్ఞా తీయించాను. "ఇది పెద్ద కోచ్ చెప్పిన కిటుకు నాయనమ్మా" అని అది గింజుకున్నా వినలేదు. చివరికి ఒక్కటే మిగిలింది: వరస విడవకూడదు, పక్కవాడికి దూరం కాకూడదు. మ్యాచ్ ఉత్తినే ఒకటి ఆడించి చూస్తే నడుమ ఖాళీ పూడిపోయింది. పిల్ల నా మెడ కావలించుకుని, "ఇదంతా నీకెట్లా తెలుసు?" అంది. తెలుసులే అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఇప్పుడు మా కాలవ కింద యంత్రాలొచ్చి నాటు వేసి పోతున్నాయి. వంగి వెనక్కి నడిచే ఆ ఆడవాళ్ళ వరస కనిపించక చాలా ఏళ్ళయింది. పక్కదాన్ని వదలకూడదన్న మాట నాటేవాళ్ళకి అక్కర్లేకపోయింది. అది బతికున్నది నా దగ్గరా, గోడకవతల తోడికోడలి దగ్గరా. ఇద్దరమూ పక్కపక్కనే ఉండి, నేను దాన్ని ఎన్నడో వదిలేశాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మ్యాచ్. పిలవకుండానే తలుపు తోసుకుని వచ్చి నా తోడికోడలు మంచం మీద కూర్చుంది. ఒకటికి ఒకటి, సమంగా ముగిసింది. జట్టు నిలబడింది. పిల్ల ఎగిరి గంతేసి, "చిన్న నాయనమ్మా, ఇదంతా మా నాయనమ్మ కిటుకే, పక్కవాణ్ణి వదలొద్దంది!" అని అరిచింది. ఆవిడ నా వైపు చూసి, "మీ నాయనమ్మ పనిమంతురాలే ఎప్పుడూ" అంది. ఆ దానం నాకు మింగుడు పడలేదు.

"నాది కాదే. మీ చిన్న నాయనమ్మ మాట అది" అన్నాను.

"నాదెక్కడిదక్కా?" అని నవ్వింది ఆవిడ. "ముఠా మేస్త్రమ్మది. వాళ్ళతో కూర్చుని జొన్నరొట్టె తింటంటే చెప్పింది. నువ్వు అవతల గట్టు మీద కేరియరు విప్పుకుని ఒక్కదానివే తింటున్నావు గదా."

పిల్ల నేను చెప్పకముందే ప్లగ్గు తీసేసింది. ఆవిడ కాఫీ అడిగింది. కలిపి తెచ్చి, నా గ్లాసు కూడా పట్టుకుని, ఆవిడ పక్కనే మంచం మీద కూర్చున్నాను.