ఎనిమిది వరుసల వంటిల్లు

మా బావకు సరిగ్గా వచ్చింది భయపడటం ఒక్కటేనని మా అక్క అంటూ ఉంటుంది. అది అన్యాయం. ఆయనకు పళ్ళు చేయడం కూడా వచ్చు.

బావ ఇరవై రెండేళ్ళుగా ఒక కట్టుడు పళ్ళ ల్యాబులో పనిచేస్తున్నాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి, మనిషి ఫోటో, వివరాలు జతచేసి పంపుతారు, బావ వాటిని బట్టి మైనంలో చిగుళ్ళు కట్టి పళ్ళు అమరుస్తాడు. చేతిలో ఎప్పుడూ చిన్న ఆకురాయి ఉంటుంది కాబట్టి ల్యాబులో ఆయన పేరే ఆకురాయి. మనిషి నోట్లో నాలుక లేనివాడు గానీ ఎదుటివాళ్ళ నోట్లో ఏముందో మాత్రం ఇట్టే చెప్పేస్తాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు బాగున్నావా అని కూడా అడగకుండా, "నీ ఎడమ కోరపన్ను అరిగింది, నిద్రలో పళ్ళు నూరతావా?" అన్నాడు. నేను నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

ల్యాబులో ఒక ఇనప బీరువా ఉంది. పళ్ళ సెట్టు తయారయ్యేలోపు చనిపోయినవాళ్ళవి, ఊరు మారినవాళ్ళవి, మళ్ళీ రానివాళ్ళవి అందులో చేరతాయి. ఏడాది దాటాక వాటిని సుత్తితో పగలగొట్టాలని యజమాని నియమం. యజమానిని అందరూ పెద్దసారు అంటారు. పాత సెట్ల పళ్ళు ఊడదీసి కొత్తవాళ్ళ సెట్లలో పెడుతున్నారన్న మాట ఒక్కసారి బయటికి పొక్కితే ల్యాబు మూసుకోవాల్సిందే. వెనకటికి పక్క బల్ల దగ్గర పనిచేసే పొట్టాయన ఆరు పళ్ళు జేబులో వేసుకుని దొరికిపోయాడు. ఇంట్లో చూసి నేర్చుకోవడానికని మొత్తుకున్నా పెద్దసారు వినలేదు. ఆ సాయంత్రానికే ఊళ్ళో ల్యాబులన్నిటికీ ఫోన్లు వెళ్ళాయి. తర్వాత పొట్టాయనను ఎవరూ గడప తొక్కనివ్వలేదు.

ఆ పగలగొట్టే పని బావది. బావ చిగుళ్ళు పగలగొట్టేవాడు. పళ్ళను పగలగొట్టలేకపోయేవాడు.

"ఒక్కో పన్నూ ఆ మనిషి మొహం చూసి ఎంచాను. చేతులు ఎలా వస్తాయి?" అన్నాడు ఒకసారి. అందుకని పై ముందు పళ్ళు ఆరింటినీ కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు.

ఆ పళ్ళే మా అక్క వంటిల్లు అయ్యాయి. వాళ్ళ అసలు వంటింటికి కిటికీ లేదు. ఉక్కతో, పొగతో అక్క విసుక్కోని రోజు లేదు. ఇంటివాళ్ళు గోడకు కన్నం పెట్టనివ్వరు కదా, అందుకని బావ చెప్పుల పెట్టెంత వంటిల్లు చేసి దానికి పెద్ద కిటికీ పెట్టాడు. కడిగిన ఎక్స్‌రే ఫిల్ము ముక్క అద్దమైంది, పళ్ళకు కొక్కేలు వంచే తీగ కుళాయి అయింది, అచ్చు పోసే పొడి తొట్టి అయింది. పొయ్యి వెనక గోడకు తెల్లటి టైల్స్, వరుసకు ఆరు చొప్పున ఎనిమిది వరుసలు. అవన్నీ పళ్ళే. ఏ వరుస ఎవరిదో బావకు తెలుసు. పై వరుస బస్సు కండక్టరుది, దాని కింద సంగీతం మాస్టారుది, మూడోది పాతికేళ్ళకే పళ్ళన్నీ పోయిన దర్జీ అమ్మాయిది. అక్క రోజూ పని అయ్యాక దాని ముందు కూర్చుని, ఆ కిటికీలోంచి గాలి వస్తున్నట్టు కొంగు సర్దుకునేది. నవ్వుకోండి, నేనూ నవ్వాను.

నేను పిల్లల లైబ్రరీలో గుమస్తాను. అక్కడ ఒక గాజు పెట్టె ఖాళీగా ఉంది. ఆ వంటిల్లు వారం రోజులు అందులో పెట్టడానికి ఇమ్మని బావ ప్రాణం తీశాను. అక్క కూడా నా పక్కకు చేరాక పాపం ఏం చేస్తాడు?

"ఇస్తాను గానీ, పుస్తకాల పిల్లా, నా పేరు రాయొద్దు. దేనితో చేశానో చెప్పొద్దు," అన్నాడు. నాకు నలభై దాటినా ఆయనకు నేను పుస్తకాల పిల్లనే.

నేను మాట నిలబెట్టుకున్నాను. కార్డు మీద 'చిన్న వంటిల్లు' అని మాత్రమే రాశాను. ఆ వారంలోనే ఒక చిత్రకారుడు పిల్లలతో మాట్లాడటానికి వచ్చాడు. మాట మెత్తన, నడక మెత్తన. గాజు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని అరగంట చూశాడు. ఫోటోలు తీసుకోవచ్చా అని అడిగితే పొంగిపోయి సరేనన్నాను, పైగా టీ కూడా తెప్పించాను.

"ఎవరు చేశారండీ?" అన్నాడు.

"చెప్పకూడదండీ," అన్నాను.

"అయితే ఎవరూ చేయలేదన్నమాట," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎనిమిది నెలల తర్వాత కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. ముద్ర వేయడానికి ఒకటి తెరిచాను. రెండు పేజీల నిండా మా వంటిల్లు! అదే కిటికీ, అదే వంకర కుళాయి, అవే ఎనిమిది వరుసలు. చివరి పేజీలో ఆ చిత్రకారుడు తన భార్యకు, ప్రచురణకర్తకు, పెంపుడు పిల్లికి కృతజ్ఞతలు చెప్పి, 'ఈ వంటిల్లు పూర్తిగా నా ఊహ' అని రాసుకున్నాడు. పిల్లికి చోటు దొరికింది, మా బావకు దొరకలేదు.

నాకు ముక్కు మీద కోపం. అక్కడే కూర్చుని ప్రచురణకర్తలకు ఉత్తరం రాసి, మధ్యాహ్నం లోపే పోస్టు చేశాను. ఏది ఎక్కడిదో, ఎవరిదో వివరంగా నమోదు చేసి బతికేదాన్ని కదా, ఈ ఉత్తరాన్నీ అలాగే రాశాను. గోడ మీదివి టైల్స్ కావు పళ్ళని, అవి ఎనిమిది మంది తీసుకెళ్ళని సెట్లవని, చేసిన మా బావ పేరు ఇదని, ఫలానా ల్యాబులో పనిచేస్తాడని, అనుమానముంటే విచారించుకోమని. ఇంతకంటే రుజువేం కావాలి అనుకున్నాను.

సాయంత్రం పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క చూసి "అయ్యో, నా కిటికీ!" అంది. బావ మాత్రం భూతద్దం తెచ్చి గోడ దగ్గర పెట్టి చూశాడు. చూస్తుండగానే మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"పంటి మీద నిలువు గీతలు కూడా వేశాడు. మామూలువాళ్ళకు టైల్స్‌లా ఉంటాయి. పళ్ళ పని తెలిసినవాడు చూస్తే పళ్ళే," అన్నాడు.

"పెద్దసారు పిల్లల పుస్తకాలు చదువుతారా ఏంటి బావా? అయినా నేను ఊరుకోలేదులే, ఉత్తరం రాసిపారేశాను."

బావ భూతద్దం కింద పెట్టాడు. "ల్యాబు పేరు రాశావా?"

"రాశాను."

"పళ్ళని రాశావా?"

అప్పుడు అర్థమైంది నాకు. తల ఊపాను.

"తీసుకెళ్ళనివాళ్ళవని కూడా?"

మళ్ళీ ఊపాను. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత పదహారు రోజులు ఆ ఇంట్లో ముద్ద మింగిన వాళ్ళు లేరు. బయట స్కూటరు ఆగితే బావ లేచి నిలబడేవాడు. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, చచ్చిపోయినవాళ్ళ పళ్ళు దొంగిలించాడన్న మాట ఒక ఎత్తు. ఆ కండక్టరు కొడుకో, దర్జీ అమ్మాయి తల్లో వచ్చి గుమ్మంలో నిలబడితే ఏం చెప్పాలని ఆయన భయం. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక సెట్టు వంకరగా వచ్చిందట. నేను ప్రచురణకర్తలకు ఫోన్ చేసి నా ఉత్తరం వెనక్కి ఇచ్చేయమని బతిమాలాను.

"విచారణలో ఉందమ్మా. ల్యాబుకు కూడా రాశాం," అంది అవతలి గొంతు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సంగతి బావకు చెప్పే ధైర్యం రెండు రోజులైనా రాలేదు. చెప్పే అవసరమూ రాలేదు, పదిహేడో రోజు పెద్దసారు లోపలికి పిలిచాడు.

లోపల జరిగింది బావ చెబితేనే తెలిసింది. బల్ల మీద ఉత్తరం, దాని పక్కన పుస్తకం. పెద్దసారు నోట్లో ఉన్న సెట్టు కూడా బావ చేసిందే. కోపం వస్తే ఆయన దవడ బిగిస్తాడు, పళ్ళు టిక్కుమంటాయి. బావ ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు.

"ఇది నువ్వు చేశావా?"

"లేదు సార్."

"పాత సెట్లు పగలగొట్టానని చెప్పావు కదా?"

"పగలగొట్టాను సార్."

"మరి ఈ రాసినావిడ?"

"మా మరదలు సార్. పుస్తకాలు చదివీ చదివీ ఊహలెక్కువ."

పళ్ళు టిక్కుమన్నాయి. పెద్దసారు ఒక తెల్లకాగితం ముందుకు తోసి, అదే మాట రాసిమ్మన్నాడు. బియ్యపు గింజంత పంటిని వణక్కుండా అరగదీసే చేయి, 'ఈ వంటిల్లు నాది కాదు, నేను చేయలేదు' అన్న ఆరు మాటలు రాయడానికి మూడుసార్లు ఆగింది. కాగితం మడుచుకుంటూ పెద్దసారు, "రేపు పొద్దున ఒకసారి మీ ఇంటికొస్తా. చూసి వాళ్ళకు పంపుతా," అన్నాడు.

బావ కడుపునొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. నేను వెళ్ళేసరికి బల్ల మీద గుడ్డ పరిచి, మైనం కత్తితో పళ్ళు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అక్క గిన్నె పట్టుకుని కూర్చుంది.

"కండక్టరు గారు," అన్నాడు మొదటి ఆరూ గిన్నెలో వేస్తూ. "మాస్టారు." తర్వాత, "ఈ పిల్ల." ఎనిమిది మందికీ అలాగే చెప్పాడు. చిన్న మోటారుకు రాయి బిగించి అన్నిటినీ పొడి చేసి, అసలు వంటింటి తొట్లో పోసి నీళ్ళు వదిలాడు. ఆ తర్వాత సుత్తి తీశాడు.

"ఏవండీ, కిటికీ ఒక్కటీ ఉంచండి. దానికేముంది, ఫిల్ము ముక్క," అంది అక్క.

"వద్దు. పుస్తకంలో కిటికీ కూడా ఉంది. పోల్చుకుంటారు."

అక్క ఏడ్చింది. నాకు ఏడ్చే హక్కు ఉందో లేదో తెలియక గుడ్డ మడతపెట్టాను.

మర్నాడు పెద్దసారు వచ్చాడు. ఇల్లంతా మెల్లగా తిరిగి వంటింట్లో ఆగాడు. వంటిల్లు ఉండే అరలో దుమ్ములేని నలుచదరం మీద అక్క డబ్బాలు పెట్టేసింది. ఆయన చుట్టూ చూసి, "ఈ వంటింటికి కిటికీ లేదేం?" అన్నాడు. నేను తలుపు పట్టుకున్నాను. "గాలి ఆడదు కదమ్మా," అని అక్కతో అని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో మాకు ఈ రోజుకీ తెలియదు. బావ ఉద్యోగం ఉంది.

నాకు జవాబు వచ్చింది. చేసినట్టు చెబుతున్న వ్యక్తే తాను చేయలేదని స్వదస్తూరితో రాసి ఇచ్చాడని, పేరున్న కళాకారుడి మీద నింద వేస్తే చట్టప్రకారం చర్య తీసుకుంటామని. దాంతోపాటు బావ కాగితం నకలు పంపారు. ఆ ఆరు మాటల్లో మూడుచోట్ల సిరా చిక్కబడి ఉంది. ఒకడు మా వంటిల్లు తన ఊహ అన్నాడు, మా బావ అవునన్నాడు. ఆ దొంగ చెప్పిన అబద్ధం నిలబడినంత కాలమే మా బావ పని నిలబడుతుంది. దాన్ని నిలబెట్టింది కూడా మేమే.

ఎన్నడూ లైబ్రరీ గుమ్మం ఎక్కని మనిషి గత నెల ఒక ఆదివారం అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏ పుస్తకమో అడగకుండానే తీసి ఇచ్చాను. మూల బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. అక్క కిటికీ బొమ్మ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. బావ జేబులోంచి భూతద్దం తీసి, పెదాలు కదుపుతూ పై నుంచి కిందికి లెక్కపెట్టాడు.

"ఎనిమిదీ ఉన్నాయి. ఎవర్నీ వదల్లేదు," అన్నాడు నాతో, మెచ్చుకోలుగా.

అని, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.